నీడలో కొలిచిన ఎండ: వడదెబ్బ చావుల లెక్క మీద ఒక విమర్శ

1

ఎండలు ముదిరితే మన పత్రికల్లో ఒక వార్త వస్తుంది. ఏటా వస్తుంది. 'వడదెబ్బకు కూలీ మృతి'. మూడే మాటలు. మొదటి మాటలో నేరస్తుడున్నాడు, అది ఎండ. రెండో మాటలో చచ్చినవాడి పని ఉంది. మూడో మాటలో ఫలితం. ఆ మనిషిని ఆ వేళకి ఎండలో ఎవరు నిలబెట్టారు? పని ఆపితే కూలి కోసుకునే మేస్త్రీ ఎవరు? మేస్త్రీ మీద కంట్రాక్టరెవరు? తాగడానికి నీళ్లున్నాయా? ఈ మూడు మాటల్లో వీటికి చోటు లేదు. కింద పేరుంటుంది, వయసుంటుంది, ఊరుంటుంది. కులం ఉండదు.

1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మనవాళ్లను చంపినప్పుడు చంపినోళ్లకు పేర్లున్నాయి, ఇంటిపేర్లున్నాయి. అందుకే ఉద్యమం వచ్చింది, కోర్టులకు పోయాం, పాటలు పుట్టాయి. ఇక్కడ చంపింది సూర్యుడు. సూర్యుడి మీద ఎఫ్‌ఐఆర్ రాయలేం. అందుకని ఈ చావుకి ఊరేగింపు లేదు, పాట లేదు, విమర్శ లేదు.

నేను డాక్టర్ని కాను, వాతావరణ శాస్త్రవేత్తనూ కాను. సాహిత్యంలో పరిశోధన చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని. మరి ఎండ చావుల మీద నాకేం పని అంటారేమో. చావుల పట్టిక కూడా ఒక రచనే. దాన్నీ ఎవరో కూర్చుని రాస్తారు. ఎవర్ని లోపల పెట్టాలో, ఎవర్ని బయట నిలబెట్టాలో ముందే అనుకుని రాస్తారు. కావ్యాన్ని చదివినట్టే దాన్నీ చదవాలి. ఈ వ్యాసంలో నేను చేసేది ఆ పనే.

2

ముందు ఎండ కొలత సంగతి. రేడియోలో, పేపర్లో చెప్పే డిగ్రీలు ఎక్కడివి? వాతావరణ కేంద్రంలో స్టీవెన్‌సన్ స్క్రీన్ అని ఒక పెట్టె ఉంటుంది. తెల్లరంగు వేసిన పెట్టె, చుట్టూ వాలుపలకలు, నేలకు నాలుగడుగుల పైన. గాలి ఆడాలి, ఎండ మాత్రం లోపలికి పడకూడదు. థర్మామీటరు ఆ నీడలో కూర్చుని గాలి వేడిని కొలుస్తుంది. ఊరూరి లెక్కలు పోల్చుకోవడానికి అట్లాగే కొలవాలి. శాస్త్రం దృష్టిలో అందులో తప్పేమీ లేదు. తప్పంతా ఆ అంకెని తెచ్చి 'ఇవాళ్టి ఎండ' అని అందరికీ పంచడంలో ఉంది. 43 డిగ్రీలంటే నీడలో 43. గాలి ఆడే తెల్లపెట్టెలో 43.

మరి తార్నాక రోడ్డు మీద తారు పోసేవాడికి ఎంత? స్లాబు మీద ఇనప చువ్వలు కట్టేవాడికి ఎంత? దాన్ని కొలిచే పద్ధతీ ఉంది. రాగిబుడ్డకి నల్లరంగు పూసి ఎండలో పెడతారు. పైన ఎండనీ, కింద నేల సెగనీ అది పీల్చుకుంటుంది. పక్కన తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఉంటుంది, చెమట ఎంత ఆరుతుందో దానివల్ల తెలుస్తుంది. మామూలు గాలి వేడిని కూడా కలిపి ఒక అంకె తీస్తారు. ఆ అంకెలో తడిగుడ్డది ఏడు వంతులు, నల్లబుడ్డది రెండు, మామూలు గాలిది ఒక్క వంతు. అంటే పేపర్లో మనకి చెప్పే గాలి వేడి పదింట ఒక వంతు మాత్రమే. ఈ పద్ధతి 1950లలో అమెరికా మెరైన్ సైనికుల శిక్షణ శిబిరాల్లో పుట్టింది. కసరత్తులో కుర్రాళ్లు పడిపోతుంటే అక్కడి ప్రభుత్వం కనిపెట్టింది. ఆ ఒళ్లు దానికి అవసరం కాబట్టి కొలిచింది.

మన నగరంలో కూలీలు నిలబడే అడ్డా దగ్గర ఆ నల్లబుడ్డ నాకెక్కడా కనపడలేదు. తెల్లపెట్టె నీడలో ఉన్నవాళ్ల ఎండని కొలుస్తుంది. మన ఎండ ఇంకా కొలతకే రాలేదు.

3

ఎండ మనిషిని ఎట్లా చంపుతుందో తెలియకపోతే లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియదు. ఒంటి వేడి 37 దగ్గర నిలవాలి. బయట వేడెక్కితే గుండె రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది, చెమట పడుతుంది, అది ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. పని చేసేకొద్దీ లోపల కూడా వేడి పుడుతుంది. గుండె రెండు పనులు మోయాలి, కండరాలకీ రక్తం, చర్మానికీ రక్తం. నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. లోపలి వేడి 40 దాటి మాట తడబడి పడిపోతే దాన్ని వడదెబ్బ అంటారు. కాని ఎండకి చచ్చేవాళ్లలో ఎక్కువమంది అట్లా నడిరోడ్డు మీద పడిపోరు. గుండెపోటుతో పోతారు, కిడ్నీ పాడై పోతారు, ఉన్న దమ్ము ఎక్కువై పోతారు. పగలు తిన్న ఎండకి రాత్రి పోతారు. రాత్రయినా ఇల్లు చల్లబడకపోతే ఒంటికి తేరుకునే వ్యవధి ఉండదు.

మా నాయిన అట్లాగే పోయాడు. 2015 మే నెల చివర. లాలాపేట్‌లో మాది రేకులిల్లు, అరవై గజాలు. నాయిన తార్నాక అడ్డా మీద నిలబడి సెంట్రింగ్ పనికి పోయేవాడు. ఆ రోజు సాయంత్రం వచ్చి తల పగిలిపోతుందన్నాడు. అంబలి తాగలేదు. వాంతి చేసుకున్నాడు. తడి తువ్వాల కప్పుకుని రేకుల కింద పండుకున్నాడు. ఆ రేకులు రాత్రి పదింటిక్కూడా చెయ్యి పెట్టనివ్వవు. తెల్లారేసరికి లేడు. ఆస్పత్రికి తీసుకుపోతే చూసి, గుండె ఆగిపోవడం వల్ల అని రాసిచ్చారు. గుండె ఆగకుండా ఎవరు చచ్చారు?

ఒంటికి ఆగే కాలం కాదు. మధ్యాహ్నానికే మట్టి చేశాం. తర్వాత ఎవరో చెబితే సాయం కోసం ఒక ఆఫీసుకి పోయాను. అక్కడి మనిషి కాగితం తిప్పి చూసి, 'ఇంట్లో పోయిండు గదా, ఎండల పడలేదు గదా, వడదెబ్బ ఎట్లయితది?' అన్నాడు. పోస్టుమార్టం ఉందా అన్నాడు. లేదు. ఎండలో పనిచేసినట్టు మేస్త్రీ రాసిస్తాడా అన్నాడు. మేస్త్రీ ఫోనే ఎత్తలేదు. ఆ మనిషిది దుర్మార్గం అనను. అతని ముందున్న కాగితంలో గడులు అట్లా ఉన్నాయి. మా నాయిన రాత్రి పూట, ఇంట్లో, నీడలో చచ్చిపోయాడు. అందుకే అది ఎండ చావు కాలేదు.

ఆ ఏడు వడగాడ్పులకి చచ్చిపోయినోళ్ల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 1,369, తెలంగాణలో 541 అని ప్రభుత్వ లెక్క. తహసీల్దారు, వైద్యాధికారి, పోలీసు ఎస్‌ఐ ముగ్గురూ కలిసి అవునంటేనే చావు ఆ లెక్కలోకి ఎక్కుతుంది. దేశంలో నమోదయ్యే మరణాల్లో డాక్టరు కారణం రాసి ధృవీకరించేవి పావు వంతు కూడా లేవు. అట్లాంటి దేశంలో ముగ్గురు ఆఫీసర్లు వచ్చి చూసేదాకా శవాన్ని ఎవరు ఆపగలరు? ఎవరి ఇంట్లో ఫ్రీజర్ పెట్టె ఉంది? లాలాపేట్ అంటే నగరమంతటికీ పాలడెయిరీ గుర్తు. పాలు విరగకుండా దశాబ్దాల నుంచి చల్లగా దాచిన పేట మాది. మా శవాలకి ఆ ఏర్పాటు లేదు.

4

లెక్కించడానికి ఇంకో దారి ఉంది. ఒక్కొక్క శవం దగ్గరికి పోయి నువ్వు ఎండకి చచ్చావా అని అడగక్కర్లేదు. ఆ వారం ఊళ్లో మొత్తం ఎంతమంది పోయారో లెక్కపెట్టి, మామూలు ఏడాది అదే వారంతో పోల్చాలి. ఎక్కువైన చావులు ఎండవి.

అహ్మదాబాద్‌లో 2010 మేలో ఇట్లా చేశారు. ఆ నెలలో మొత్తం 4,462 మంది పోయారు. ముందు వెనక ఏళ్ల మే నెలలతో పోలిస్తే 1,344 మంది ఎక్కువ. నూటికి 43 వంతులు. ఆ వడగాడ్పుల తర్వాతే 2013లో ఆ నగరం వేసవి ప్రణాళిక తయారుచేసుకుంది. అంతకు ముందు 1995 జులైలో అమెరికాలోని చికాగోలో వడగాలులొస్తే అక్కడి శవపరీక్షల అధికారి చెప్పిన లెక్కని మేయరే నమ్మలేదు. తర్వాత అదనపు మరణాలు 739 అని తేలింది. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త వాటి మీద 2002లో పుస్తకం రాశాడు. ఒంటికి చేసినట్టే సమాజానికీ పోస్టుమార్టం చేయాలన్నాడు. ఎవరి పేటలో చచ్చారు, ఎవరు ఒంటరిగా చచ్చారు, ఎవరు నల్లవాళ్లు అని అడిగాడు. మన దగ్గర ఆ పోస్టుమార్టం ఇంకా మొదలే కాలేదు.

హైదరాబాద్ కూడా ఉన్న ఒక అధ్యయనం 2024లో వచ్చింది. 2008 నుంచి 2019 దాకా దేశంలో పది నగరాల్లో నమోదైన సుమారు 36 లక్షల మరణాలను పరిశీలించారు. ఆ నగరానికి అసాధారణమైన వేడి రెండు రోజులు వరసగా ఉంటే రోజువారీ చావులు సగటున 14.7 శాతం పెరిగాయి. రోజులు పెరిగేకొద్దీ ఆ శాతమూ పెరిగింది. ఆ పది నగరాల్లో ఏటా 1,116 మంది వడగాడ్పుల వల్లే పోతున్నారని తేల్చారు. విలువైన పని. కాని అందులో కులం లేదు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకిచ్చిన రిజిస్టర్లో లేదు. మరణం నమోదు చేసే ఫారంలో మతానికి గడి ఉంది, వృత్తికి గడి ఉంది, కులానికి లేదు. పుట్టినప్పట్నుంచి స్కూల్లో, హాస్టల్లో, ఉద్యోగంలో వెంటబడిన కులం చచ్చే కాగితం దగ్గర మాత్రం మర్యాదగా తప్పుకుంటుంది.

ఇక్కడ రెండు అభ్యంతరాలొస్తాయి. రెండింటికీ జవాబు చెప్పాలి.

ఒకటి, ఎండ కన్నా చలికే ఎక్కువమంది చస్తారు కదా అని. నిజమే. 13 దేశాల్లో ఏడు కోట్ల పైచిలుకు మరణాల మీద 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో చలి వాటానే ఎక్కువ. మన దేశం మీద చేసిన పరిశోధనలోనూ ఒక మోస్తరు చలి వాటా ఎక్కువని వచ్చింది. నేను దాన్ని కాదనను. చలికి పోయేవాళ్లూ కప్పులేని మనవాళ్లేమో, అదీ అడగాల్సిందే. కాని మొత్తం జనాభా సగటు ఒక ప్రశ్నకి జవాబు, స్లాబు మీద నిలబడ్డవాడి ప్రశ్న వేరు. సగటులో ఏసీ గదిలో కూర్చున్నవాడూ ఉన్నాడు, తారు పోసేవాడూ ఉన్నాడు. ఇద్దర్నీ కలిపి రెండుతో భాగిస్తే ఇద్దరికీ కొంచెం ఉక్కగా ఉంటుంది, అంతే.

రెండోది, అలవాటు వాదం. వేడి ఊళ్లలో జనం వేడికి అలవాటు పడతారు, అందుకే చల్లటి ఊళ్లలో అదే ఎండకి ఎక్కువమంది పోతారు అని. ఇందులోనూ కొంత నిజముంది. పైన చెప్పిన పది నగరాల్లో వేడి తక్కువ ఉండే కొన్ని చోట్ల దెబ్బ ఎక్కువగా కనపడింది. ఒళ్లు వారం పది రోజుల్లో, రెండు వారాల్లో కొంతవరకు సర్దుకుంటుంది, చెమట తొందరగా పడుతుంది. కాని దానికీ హద్దుంది. గాలిలో తేమ పెరిగితే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఎంత అలవాటున్న ఒళ్లయినా ఓడిపోతుంది. ఆ హద్దుకి కులం లేదు.

శాస్త్రవేత్త 'అలవాటు' అన్నది వేరు, ఊళ్లో 'వాళ్లకి అలవాటే' అన్నది వేరు. ఈ రెండో మాటని మనం తరాలుగా వింటున్నాం. వాళ్లకి కంపు అలవాటే, బరువు అలవాటే, ఆకలి అలవాటే, ఎండ అలవాటే. బాధ పెట్టి, దాన్ని వాళ్ల గుణమని చెప్పడం కులం చేసే పని. శాస్త్రం మాట బస్తీకి దిగేసరికి ఈ పాత మాటలో కలిసిపోతుంది. ఆ కలయికను విడదీయడం విమర్శకుడి పని.

విడదీసే ప్రయత్నం కొంత మొదలైంది. బెంగళూరు ఐఐఎంలో పనిచేసినవాళ్లు, తోటి పరిశోధకులు కలిసి కార్మిక సర్వేల లెక్కల్ని ఎండ లెక్కలతో జతచేశారు. వయసు, ఆడ మగ తేడా, చదువు, ఆర్థికస్థితి అన్నీ లెక్కలో వేసుకున్నాక కూడా ఎస్సీ ఎస్టీలు పనిచేసే గంటల్లో ఎక్కువ భాగం ఎండలోనే పోతోందని చూపించారు. పేదరికం ఒక్కటే కారణమైతే ఈ తేడా అక్కడితో చెరిగిపోవాలి. చెరగలేదు.

5

ఇప్పుడు సలహాల భాష చూద్దాం. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి రాకండి. తెల్లటి నూలుబట్టలు వేసుకోండి. గొడుగు పట్టుకోండి. దాహం లేకపోయినా నీళ్లు తాగండి. జాతీయ విపత్తు సంస్థ దగ్గర్నుంచి జిల్లా కలెక్టరు దాకా అందరూ చెప్పేవి ఇవే. సలహాలు మంచివే. కాని ఈ వాక్యాల్లో 'మీరు' ఎవరు? రాకుండా ఉండడానికి తలుపున్న మనిషి. మూడు గంటలు పోతే కూలి పోని మనిషి. తారు పోస్తూ, తట్ట మోస్తూ గొడుగు పట్టుకోగల మూడో చెయ్యున్న మనిషి. మా అమ్మ అపార్ట్‌మెంట్లు ఊడుస్తుంది. నీళ్ల సీసా ఇచ్చి తాగమ్మా అంటే, 'తాగితే ఒంటికి పోవాలె బిడ్డా, యాడికి పోవాలె?' అంటుంది. ఊడ్చే ఇళ్లల్లో ఆమెకి బాత్రూం లేదు. ఈ ఒక్క మాట ఏ ప్రణాళికలో ఉంది?

ఈ గంటల సంగతి ఇంకొంచెం వెనక్కి పోయి చూడాలి. పీష్వాల పుణెలో మహర్లనీ మాంగుల్నీ మధ్యాహ్నం మూడు తర్వాత, పొద్దున తొమ్మిదికి ముందు నగర ద్వారాల్లోకి రానిచ్చేవారు కాదని జి.ఎస్. ఘుర్యే 1932లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. ఎందుకంటే ఆ వేళల్లో నీడ పొడుగ్గా పడుతుంది, అది అగ్రవర్ణాల మీద పడితే మైల. పీష్వాల రాజ్యంలో నీడ మైల గురించి అంబేద్కర్ కూడా 1936లో కులనిర్మూలనలో ఎత్తి చూపారు. మనం నీడ గురించి చదివాం, ఆ గంటల గురించి ఆలోచించలేదు. తొమ్మిది నుంచి మూడు. అంటరానివాడు ఊళ్లో తిరగొచ్చని వదిలిన వేళ అది. ఎండ నడినెత్తిన ఉండే వేళ. ఇవాళ ఎవరూ బయటికి రావద్దని చెప్పే మూడు గంటలూ ఆ వేళలోనే ఉన్నాయి. పీష్వాలకి థర్మామీటరు లేదు, మనల్ని ఎండకి చంపాలని ఆ నియమం పెట్టారనీ నేననను. వాళ్ల భయమంతా వాళ్ల మైల గురించే. కాని నగరం మనకిచ్చిన గంట ఏదో, మనకి అట్టిపెట్టిన చోటు ఏదో అందులో కనపడుతుంది. నీడ వాళ్లది, ఎండ మనది. ఇప్పుడు నియమం లేదు, అడ్డా ఉంది.

నీళ్ల కథా ఇదే. వేసవిలో చలివేంద్రం పెట్టడం మనవాళ్లు పుణ్యకార్యం అంటారు. ఆ పుణ్యం ఎవరి చేతికి చెంబిచ్చింది, ఎవరి దోసిట్లో ఎత్తు నుంచి పోసింది మన ముసలోళ్లని అడగండి, చెబుతారు. 1927 మార్చి 20న అంబేద్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. కారంచేడులో గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గరే. నీళ్లు తాగండి అని మనకి సలహా చెప్పేవాళ్లు ఈ చరిత్ర తెలుసుకుని చెప్పాలి.

6

సాహిత్యం ఏం చేసింది? ఇది నా సొంత పేట కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

సంస్కృత కావ్యంలో గ్రీష్మం భోగానికి ఒక సాకు. కాళిదాసు ఋతుసంహారం గ్రీష్మంతోనే మొదలవుతుంది. గంధం పూతలు, నీటి యంత్రాలు, వెన్నెల మేడలు. ఎండ అక్కడ చల్లదనాన్ని రుచి చూపే వస్తువు. మన ఆముక్తమాల్యదలో గ్రీష్మ వర్ణన ప్రసిద్ధమని ఎం.ఏ.లో చదివి పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పరీక్షకి మా రేకుల కింద చదవలేక క్యాంపస్ లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. నేను లోపల గ్రీష్మం చదువుతున్న వేళకి నాయిన బయట దాన్ని మోస్తున్నాడు. ఈ రెంటి మధ్య సంబంధం ఉందని నాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు. అప్పుడు నాకూ తట్టలేదు.

అభ్యుదయ, విప్లవ కవిత్వం శ్రమని లోపలికి తెచ్చింది. ఆ రుణం ఒప్పుకోవాలి. కాని వాళ్ల సూర్యుడు ఎప్పుడూ తూర్పున ఉదయిస్తూనే ఉంటాడు. ఎర్రగా, ఆశగా. నడినెత్తికి రాడు. తెల్లారితే బాగుపడతామని నమ్మేవాడి సూర్యుడు అది. తెల్లారితే అడ్డా మీద నిలబడాల్సినవాడి సూర్యుడు వేరు. కూలీ అన్నారు, శ్రామికుడన్నారు. ఆ శ్రామికుడు నీళ్లడిగితే గ్లాసు మారుతుందా అని అడగలేదు.

మనమూ ఏం తక్కువ తినలేదు. 1995లో చిక్కనవుతున్న పాట వచ్చిన కాలం నుంచి దళిత కవిత్వం నిప్పునీ సూర్యుణ్ణీ మన కోపానికి గుర్తుగా పట్టుకుంది. కోపం న్యాయమైందే. కాని మనల్ని కాల్చేదాన్నే మన జెండా చేసుకుంటున్నామని ఆగి చూసుకోలేదు. ఇక్కడ జాషువా నాకు దారి చూపిస్తాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు. జాషువా కథానాయకుడు అరుంధతీ సుతుడు, తోలుపని చేసేవాడు, 1941లో గబ్బిలంతో పంపాడు. గుళ్లోకి అతను పోలేడు, గబ్బిలం పోతుంది, అందుకని దాన్ని ఎన్నుకున్నాడని అంతా చెప్పేదే. నాకు ఇంకోటి తోస్తుంది. గబ్బిలం రాత్రి తిరిగే జీవి. పగలంతా వెట్టిలో పోయేవాడికి తన బాధ చెప్పుకునే తీరిక రాత్రే. ఎండ చల్లారాక గాని అతని నోరు లేవదు. జాషువా ఎండ పేరెత్తకుండానే మన పగటి సంగతి చెప్పాడని నా చదువు.

కల్యాణరావు అంటరాని వసంతం 2000లో వచ్చింది. వసంతానికి అంటు ఉందని అంతకుముందు మనకెవరూ చెప్పలేదు. అంటరాని గ్రీష్మం ఇంకా రావాలి.

సామెత మాత్రం నిజం చెప్పింది, అయితే సగమే. రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయి అంటారు. రాయి పగలడం చూశారు. ఆ రోలు చెక్కిన వడ్డెర మనిషి పగలడం సామెతకి ఎక్కలేదు. మా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ 1939లో పూర్తయిన గ్రానైట్ కట్టడం, చూడ్డానికి దేశమంతా వస్తారు. దాని పక్కనే జనం వడ్డెరబస్తీ అని పిలుచుకునే మాణికేశ్వరి నగర్ ఉంది. రాతికి దక్కిన పేరు రాయి కొట్టిన కులానికి దక్కలేదు.

7

ఇక ప్రణాళికలు. తెలంగాణ 2016లో మొదటి వేసవి ప్రణాళిక తెచ్చింది. దేశంలో 18 రాష్ట్రాల్లోని ఇట్లాంటి 37 ప్రణాళికల్ని ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ 2023లో పరిశీలించింది. ఎవరికి ఎక్కువ ముప్పో విడిగా అంచనా కట్టినవి రెండే. డబ్బు ఎక్కడ్నుంచి వస్తుందో మాట్లాడినవి 11. ఎవర్ని కాపాడాలో తెలియదు, దేంతో కాపాడాలో తెలియదు. ముసలివాళ్లు, పిల్లలు, గర్భిణులు, ఆరుబయట పనిచేసేవాళ్లు అని ఒక జాబితా మాత్రం ఉంటుంది. ఆరుబయట ఎవరెందుకు ఉన్నారన్న ప్రశ్న ఉండదు.

2023లో తెలంగాణ చల్లటి కప్పుల విధానం తెచ్చింది. కప్పు మీద ఎండని తిప్పికొట్టే తెల్లపూత వేయాలి. దేశంలో ఇట్లాంటిది తెచ్చినందుకు మెచ్చుకోవాలి. అందులో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ప్రభుత్వ భవనాలకీ వ్యాపార భవనాలకీ తప్పనిసరి. సొంత ఇళ్లయితే 600 గజాలు, అంతకు మించిన స్థలానికి తప్పనిసరి. అంతకు తక్కువైతే ఇష్టం. మాది అరవై గజాలు. మాది ఇష్టం కింద వచ్చింది. పెద్ద కప్పులు వేడి ఎక్కువ మోస్తాయి, కొత్తగా కట్టే ఇంటికైతే అనుమతి దగ్గర పట్టుకోవచ్చు అని కారణం చెబుతారు. నగరం వేడి తగ్గించడానికి అది లెక్కే. మనిషి చావు తగ్గించడానికి లెక్క వేరు. రేకుల కింద, ఏసీ లేని ఇంట్లో, పగలంతా ఎండ తిని వచ్చిన ఒళ్లు పడుకునే కప్పు ఏదో అది ముందు రావాలి. 2017లో ఈ నగరంలోనే తక్కువ ఆదాయపు ఇళ్ల కప్పుల మీద ప్రయోగం చేసి లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గిందని చూశారు. తెలిసే చేశారు. తెలిసీ ఇష్టం అన్నారు.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలుల్ని, వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినోళ్ల కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తామంది. అంతకుముందు యాభై వేలు. ఇది పెద్ద అడుగే, చిన్నచూపు చూడను. కాని డబ్బు పెరిగితే గడప ఎత్తు కూడా పెరుగుతుంది. ఇది వడదెబ్బే అని నిరూపించే భారం శవం మీదే ఉంటే, నీడలో చచ్చినవాడు, రాత్రి చచ్చినవాడు, పోస్టుమార్టానికి ఒప్పుకోనివాడు బయటే ఉంటారు. ప్రతి చావుకీ సర్కారు డబ్బు కట్టాల్సినప్పుడు చావుల సంఖ్య తగ్గితే, చావులు తగ్గాయా, లెక్క తగ్గిందా అని అడిగే హక్కు మనకుంది. మొత్తం మరణాలు రోజువారీగా, పేటల వారీగా బయటపెడితే ఈ అనుమానం తీరిపోతుంది.

పని సంగతీ చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనుల్లో వేసవి భత్యం ఉండేది. ఏప్రిల్, మేలలో 30 శాతం తక్కువ పని చేసినా పూర్తి కూలి కట్టేవారు. గట్టి నేలని ఎండలో తవ్వడం కష్టమని సర్కారు కాగితం మీద ఒప్పుకుంది. పల్లెలో ఒప్పుకున్న న్యాయం నగరం అడ్డాకి ఎప్పుడూ రాలేదు. వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా 1942 తర్వాత అంబేద్కర్ పనిగంటల కోసం కొట్లాడారు. ఎన్ని గంటలు అన్నది అప్పటి ప్రశ్న. ఏ గంటలు అన్నది ఇప్పటి ప్రశ్న. పన్నెండు నుంచి నాలుగు దాకా పని ఆపి, కూలి ఆపకూడదు. కూలి ఆపితే అది విశ్రాంతి కాదు, పస్తు.

8

ఈ వ్యాసం రాయడానికి నాకు పదేళ్లు పట్టింది. మా నాయిన చావుని కులంతో కలిపి చదవడానికి నేనే ఒప్పుకోలేకపోయాను. గుండెపోటు అని రాసిన కాగితాన్ని నేనూ నమ్మాను. చదువుకున్నవాణ్ణి కదా, కాగితం మీద నమ్మకం ఎక్కువ. అమ్మ ఒక్కరోజు కూడా నమ్మలేదు. 'ఎండ తిన్నది' అని ఆ రోజే అంది. ఆమెకి అక్షరం రాదు.

నేనడిగేవి కొన్నే. మరణం రాసే ఫారంలో కులానికి గడి పెట్టండి. చచ్చినవాడి పని ఏదో, ఇంటి కప్పు ఏదో రాయండి. తార్నాక అడ్డా దగ్గర నల్లబుడ్డ పెట్టి అక్కడి ఎండ ఎంతో చెప్పండి. అరవై గజాల కప్పుకి ముందు సున్నం పూయండి. చలివేంద్రం పక్కన ఆడవాళ్లకి మరుగుదొడ్డి కట్టండి. ఇవి సర్కారుకి. తోటి విమర్శకులకి ఒక్కటే. సూర్యుడి గురించి రాసేటప్పుడు ఏ గంట సూర్యుడో రాయండి.

2015లో తెలంగాణలో వడదెబ్బకి పోయింది 541 మంది అని పట్టిక చెబుతుంది. అందులో మా నాయిన లేడు. ఆ పట్టిక ఎవరు తిరిగి రాసినా ఒకటి కలిపి మొదలుపెట్టండి.